అదనపు గీత

పోర్తో. నాలుగో అంతస్తు. మైనం వాసన గది.
నా పని కోయడం.
జుల్మిరా అనే ఆమె గర్భనాళం కొసని,
కుచ్చులు కుచ్చులుగా ఉండే ఆ అంచుని,
రెండు మిల్లీమీటర్లకొక ముక్క చొప్పున.
మనిషిని చూడలేదు. చీటీ మీద ఊరు చూశాను: కషీనాష్.
మా అమ్మమ్మది కూడా అదే.

జబ్బు పేరు అండాశయానిది,
మొదలు మాత్రం అక్కడ కాదు.
ఒక కుచ్చు మడతలో పట్టెడంత వరస కణాలు
ముదురు గోధుమరంగు పట్టేసి నిలబడ్డాయి.
కాపలా ఉండాల్సిన పీ-53 చెడిపోయి
కదలకుండా పేరుకుపోతే రంగు అలాగే దిగుతుంది.
అక్కణ్ణుంచి రాలిన పొట్టు
పక్కనే ఉన్న అండాశయం మీద వాలి
ఇల్లు దొరికిందనుకుంది.

కషీనాష్ జాలర్లకి ఇంటిగుర్తు ఉంటుంది,
వలకీ, పడవకీ, సమాధిరాయికీ అదే.
కడగొట్టువాడికి తండ్రి గుర్తు ఉన్నదున్నట్టు.
పెద్దవాడు ఒక గీత చేర్చుకోవాలి, రెండోవాడు రెండు.
ఒడ్డుకి కొట్టుకొచ్చిన వల ఎవరిదో
గీతలు లెక్కపెట్టి చెప్పేది అమ్మమ్మ.
ఆడపిల్లలకి గుర్తులుండవే, అనేది.

ఉన్నాయి అమ్మమ్మా.
పదమూడో క్రోమోజోములో, బీఆర్‌సీఏ-2 మూడో పేరాలో,
ఎవరూ రాయని మూడొందల అక్షరాల వాక్యం ఒకటి
ఎన్ని తరాల కిందటో దూరి కూచుంది.
మొదటి పరీక్ష ‘ఏమీ లేదు’ అంది.
యంత్రానికి పొట్టి నకళ్ళంటే ఇష్టం,
పొడుగు నకలు తీయడానికి బద్ధకం.
డాక్టర్ టవారెష్ ఒప్పుకోలేదు.
ఈ తీరం వాళ్ళ కోసమే ఉన్న పరీక్ష రాశాడు.
దొరికింది.

వల రెండు రకాలుగా తెగుతుంది.
ఒక్క పోగు తెగితే పార్ప్ అనే కూలీ
వచ్చి ముడేసి పోతాడు.
రెండు పోగులూ ఒకేచోట తెగితే అతని వల్ల కాదు;
జంటవలని పక్కన పరుచుకుని
కన్ను చూసి కన్ను అల్లాలి. దానికి బీఆర్‌సీఏ ఉండాలి.
జుల్మిరా కణితిలో ఆ అల్లే చెయ్యి లేదు,
కూలీ ఒక్కడే మిగిలాడు.

ఆరు విడతలు ప్లాటినం ఎక్కించారు.
ఇప్పుడు పొద్దున రెండు, రాత్రి రెండు, ఒలాపరిబ్ మాత్రలు.
అవి కూలీని చంపవు.
వేసిన చెయ్యి చిరుగు మీదే అతుక్కుపోయేలా చేస్తాయి.
చిన్న చిరుగు పెద్దదవుతుంది,
అల్లేవాళ్ళు లేని కణం పోగులు పోగులుగా విడిపోతుంది.
ఆమె మిగతా ఒంటికి తండ్రి ఇచ్చిన మంచి ప్రతి ఉంది,
అది తన చిరుగులు తను అల్లుకుంటుంది,
నీరసంగా, వాంతులు చేసుకుంటూ.

టవారెష్ ఆమెకి ఇంకో మాట కూడా చెప్పాడట:
కొన్ని కణాలు ఎలాగో మళ్ళీ అల్లడం నేర్చుకుంటాయి,
అప్పుడు మందు పనిచేయదు.
ఈ గదిలో నేను భయపడే మాట అదొక్కటే,
బాగుచేసుకోవడం.

కూతుళ్ళిద్దరి రక్తం వచ్చింది పోయిన గురువారం.
పెద్దది గ్రాసాకి ఉంది.
కడగొట్టుది ఇదలీనాకి లేదు.
వలల ఆచారం రక్తానికి తెలియదు,
నాణెం ఎగరేస్తుంది, అంతే.
ఇదలీనా నర్సుకి ఫోన్ చేసి
‘అమ్మకీ మొదట లేదనే అన్నారుగా, మళ్ళీ చూడండి’ అందట.
మళ్ళీ చూశాం. లేదు.
‘ఇంకోసారి’ అంది.

గ్రాసా ఫోన్ చెయ్యలేదు.
నలభై రెండేళ్ళు. ఈ నెలాఖరుకి ఆపరేషన్,
గొట్టాలూ అండాశయాలూ రెండువైపులా తీసేస్తారు.
ఆ ముక్కలు నా బల్ల మీదకే వస్తాయి.
నెమ్మదిగా కోస్తాను.

నా సొరుగులో, పెన్నుల కింద,
నా పేరు రాసిన గాజుగొట్టం ఒకటుంది.
ఊరు దగ్గర కషీనాష్ అని నేనే రాశాను, మార్చిలో.
మూత ఇంకా తీయలేదు.